కొసరుగా వచ్చిన బ్రేకు ఆయిలు

విజయవాడలో బ్రేకు ఆయిలు డబ్బాను కొసరుగా రాబట్టిన మెకానిక్కు నాకు ముందు లేడు, నా తర్వాత కూడా పుట్టడనే నా నమ్మకం. కందిపప్పు తూచాక గుప్పెడు ఎక్కువ వేయించుకోవడం అందరూ చేసేదే. కూరల మీద కరివేపాకు రెబ్బ సరేసరి. నేను మాత్రం రెండు వీల్ సిలిండర్లు, నాలుగు బ్రేకు షూలు బేరమాడి, చెప్పిన ధరలో పన్నెండు రూపాయలు కోయించి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక, "మరి కొసరేదండీ?" అని చెయ్యి చాచాను. సగం పైన ఆయిలున్న డబ్బా చంకలో పెట్టుకుని కొట్టు మెట్లు దిగాను. అంతటితో ఆగలేదు. ఊరికే వచ్చిన ఆ డబ్బాకు కారు గలవారి బిల్లులో తొమ్మిది రూపాయలు రాశాను.

పైసా పెట్టుబడి లేకుండా తొమ్మిది రూపాయల లాభం. డెబ్బయ్యో దశకంలో అది చిన్న మొత్తం కాదు. నా పనికాలం మొత్తంలో పెట్టుబడికీ లాభానికీ అంత తేడా ఉన్న బేరం మరొకటి లేదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు ఇంజన్ల గురించి అడుగుతారు. ఇంజను చెడితే కారు ఆగుతుంది, అంతే. నేను చెప్పదలచుకున్నది కారు ఆగకపోవడం గురించి.

సంచి అడుగు సరుకు

మాది వన్ టౌన్‌లో కిరాణా కొట్టు. నేను నడక నేర్చింది బస్తాల మధ్య. పదేళ్ళకే చింతపండు చేత్తో ఎత్తి బరువు చెప్పేవాణ్ణి. అలాంటివాడు కొట్టు వదిలి నల్ల నూనెలో చేతులు ముంచడానికి పోతానంటే మా నాన్న వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున, "పోతే పో. ఎక్కడికి పోయినా బేరం మాత్రం మానుకోకు, అదొక్కటే నీకు వచ్చింది" అన్నాడు. తండ్రి మాట జవదాటలేదు.

కొసరు గురించి మా నాన్నకు ఒక పద్ధతి ఉండేది. తూకంలో మోసం చేసేవాడు కాదు. కొసరు అడిగినవాళ్ళకు లేదనేవాడు కాదు. కాని కొసరు కోసం గల్లాపెట్టె పక్కన వేరే ఒక చిన్న సంచి ఉండేది. పప్పు నూక, పురుగు తగిలినవి, సంచుల అడుగున ఊడ్చినవి అందులోకి పోయేవి. గుప్పెడు అందులోంచి తీసి, నవ్వుతూ పొట్లంలో వేసేవాడు. తీసుకున్నవాళ్ళు గెలిచినట్టు వెళ్ళేవాళ్ళు. ఆ సంచిలోకి ఊడ్చిపోసింది చిన్నప్పుడు నేనే. అంటే కొసరుగా వచ్చే సరుకు ఎలాంటిదో ఈ ఊళ్ళో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పని నేర్పింది మస్తాన్ గారు. ఆటోనగర్ ఇంకా సగం ఖాళీ స్థలాలుగా ఉన్న రోజుల్లో అక్కడ రేకుల షెడ్డు వేసిన పెద్ద మేస్త్రి. తిట్లు ధారాళం, జీతం పొదుపు. ఆయన దగ్గర బ్రేకు ఆయిలుకు ఒక నియమం ఉండేది. సీలు తీసిన డబ్బా ఆ రోజు పనికే. మిగిలితే ఒక పాత సీసాలోకి వంపేవాడు. ఆ సీసా బిగుసుకుపోయిన బోల్టుల మీద పోయడానికి తప్ప మరి దేనికీ తీయనిచ్చేవాడు కాదు.

"అంత మంచి ఆయిలండీ, డబ్బులు పోసి కొన్నది" అని నా కడుపు మండి ఒకసారి అన్నాను.

"మంచిదేరా కోటయ్యా. మూత తీసేదాకా మంచిదే. తీశాక గాలిలో తేమంతా తాగుద్ది. బందరు కాలవ పక్కన బతుకుతున్నాం, ఇక్కడ గాలంటే సగం నీళ్ళే."

"తాగితే కనపడదా మరి? నీళ్ళు అడుక్కి దిగాలిగా?"

"దిగితే నీకు చెప్పటం దేనికి? కలిసిపోద్ది. కళ్ళకి కనపడదు, చేతికి తెలీదు. లోపల కూర్చుని ఇనుముని తినుద్ది."

అందువల్ల తెలియక చేశానని రాయడానికి నాకు వీల్లేదు. ఇంట్లో నాన్నా, షెడ్డులో మేస్త్రీ, ఇద్దరూ చెప్పే పంపారు.

కదలడం మరిచిన కారు

మస్తాన్ గారి దగ్గర నుంచి బయటికొచ్చి సొంతంగా ఇళ్ళకు వెళ్ళి పని చేయడం మొదలుపెట్టిన రెండో వేసవిలో కంకిపాడు నుంచి కబురొచ్చింది. యోహాను మాస్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య మార్తమ్మ గారు మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, ఇంటి ముందు వసారాలో నాలుగు మంచాలు వేసి పురుళ్ళు పోసేవారు. చుట్టుపక్కల పల్లెల్లో ఆవిడ చేతిమీద పుట్టని పిల్లలు తక్కువ. కష్టమైన కాన్పయితే బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. దానికోసమే ఇద్దరూ కలిసి చేతులు మారిన ఒక పాత కారు కొన్నారు. నడిపేది మాస్టారే.

ఆయనకు జబ్బుచేసి రెండు నెలలు కారు తీయలేదు. అంతకుముందు దాన్ని కడిగేది కాలవ రేవులో, వరిచేల బురద వెనక చక్రాల లోపలికి పట్టేది. తీరా తీద్దామంటే వెనక చక్రాలు రెండూ తిరగలేదు. బ్రేకు షూలు తుప్పుతో డ్రమ్ములకు అంటుకుపోయాయి. అందుకే నేను ఆ ఇంటికి వెళ్ళవలసి వచ్చింది.

"ఆగటం మర్చిపోయిన కార్ల గురించి విన్నానోయ్. కదలటం మర్చిపోయింది మాత్రం ఇదే. నా క్లాసులో వెనక బెంచీ వాళ్ళని చూసినట్టుంది" అన్నారు మాస్టారు.

ఇంటి దగ్గర పని షెడ్డులో పని లాంటిది కాదు. డెల్టా నల్లమట్టిలో జాకీ పెడితే, కారు లేవదు, జాకీ దిగుతుంది. కింద మందపాటి చెక్క వేయాలి. లేచిన కారును జాకీ మీద నమ్మకూడదు, ఇరుసు కింద తాటి దుంగ ముక్కలు పెట్టాలి. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం వేయాలి. ఇవన్నీ చేశాను. డ్రమ్ము చుట్టూ కిరసనాయిలు పోసి ఒక పూట నానబెట్టాను. మర్నాడు పొద్దున చెక్క సుత్తితో చుట్టూ తట్టుకుంటూ వచ్చాను. ఒకచోటే గట్టిగా కొడితే పోత ఇనుము పగులుతుంది. ఓపిక ఒక్కటే అక్కడ పనిముట్టు. మధ్యాహ్నానికి రెండు డ్రమ్ములూ ఊడాయి. లోపల పిడికెడు ఎర్రటి పొడి, తుప్పు తినేసిన స్ప్రింగులు, షూలను డ్రమ్ముకు నెట్టవలసిన సిలిండర్లు కదలకుండా బిగుసుకుని ఉన్నాయి.

సామాను కోసం బందరు రోడ్డులో రంగారావు గారి కొట్టుకు వెళ్ళాను. బేరం గంటసేపు సాగింది. కొసరు అడిగేసరికి ఆయన విసిగి, బల్ల కింద నుంచి మూత సరిగ్గా లేని డబ్బా తీశారు.

"ఇది తెరిచి చాన్నాళ్ళయిందండీ కోటేశ్వరరావు గారూ. బోల్టుల మీదకి పనికొస్తుంది. చక్రాల్లోకి మాత్రం కొత్తది తీసుకోండి, తొమ్మిది రూపాయలే."

"చూద్దాంలెండి" అన్నాను. ఆయన తప్పు రవ్వంత లేదు.

కంకిపాడు చేరేదాకా, బస్సులో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కొత్తది ఎందుకు అక్కర్లేదో నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. వేసవి కదా, తేమ ఎక్కడిది? వాసన బాగానే ఉంది కదా? ముసలాయన, మెల్లగా నడుపుతాడు కదా? మనిషి ఇతరులతో ఆడే బేరంలో ఒక్కోసారి ఓడిపోతాడు. తనతో తాను ఆడే బేరంలో ఎప్పుడూ గెలుస్తాడు. పోశాను. చక్రానికొక నిపుల్ విప్పి, ఆయిలు గొట్టాల్లో చేరిన గాలి తీశాను. పెడలు గట్టిగా నిలబడింది. కారు చక్కగా ఆగింది.

బిల్లు మార్తమ్మ గారి చేతికిచ్చాను. ఆవిడ చదివి, డబ్బు తెచ్చి ఇచ్చేశారు. బేరమాడని మనిషి ముందు బేరగాడికి కాలూ చెయ్యీ ఆడవు.

"అమ్మా, ఏమీ తగ్గించమనరా?"

"పురిటి మంచం మీద ఎవరూ నాతో బేరమాడరు బాబూ. నీ పని నీకు తెలుసు. నేనెందుకు ఆడటం?"

ఆ కాగితం మడిచి, దేవుడి వాక్యాల క్యాలెండరు వెనక మేకుకు గుచ్చారు.

గడ్డివామి

ఆ ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. కారు తిరిగిన రోజులకంటే నిలబడిన రోజులు ఎక్కువ. వరికోతలు సాగుతుండగా ఒకనాటి ఉదయం, బిడ్డ అడ్డం తిరిగిన ఒక గర్భిణిని తీసుకుని బెజవాడ బయలుదేరారు. వెనక సీట్లో ఆ పిల్ల, పక్కన మార్తమ్మ గారు. కాలవ పక్క రోడ్డు మీద ముందు వరి మోపుల బండ్లు వరసగా వెళుతున్నాయి. మాస్టారు బ్రేకు నొక్కారు. కారు ఆగలేదు. హ్యాండ్ బ్రేకు లాగారు. అదీ పట్టలేదు. ఒకపక్క కాలవ, ఎదురుగా బండ్లు. ఆయన రోడ్డు దింపి, ఒక ఆసామి గడ్డివామిలోకి పోనిచ్చారు.

గడ్డి కాబట్టి మనుషులు మిగిలారు. గర్భిణి ముందు సీటుకు కొట్టుకోకుండా మార్తమ్మ గారు తన కుడిచెయ్యి ఆమె కడుపుకు అడ్డం పెట్టారు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. వెనక వస్తున్న లారీ ఎక్కించుకుపోతే ఆసుపత్రిలో కాన్పయింది. తల్లీబిడ్డా క్షేమం.

ఈ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. మాస్టారు కార్డు రాశారు. కారు అమ్మేస్తున్నాననీ, "నువ్వు బేరగాడివి గనుక నువ్వే మంచి ధరకు అమ్మిపెట్టవలసింది" అనీ.

మైలవరంలో ఒక మామిడితోటల ఆసామి పాత కారు కోసం చూస్తున్నాడు. అతనితో ధర మాట్లాడి, నాకు రావలసిన కమీషను వంద రూపాయలు కూడా ఖాయం చేసుకునే కంకిపాడు వెళ్ళాను. ఎందుకు అమ్ముతున్నారని మాస్టారిని దారిలో పలకరించినట్టు అడిగాను.

"కాలోయ్. షుగరు. పాదానికి స్పర్శ తగ్గిపోయింది. ఆ రోజు బ్రేకు మీద కాలు పడిందనుకున్నాను, పడలేదు. పడ్డా ఆనలేదు. మార్తమ్మ చెయ్యి నేనే విరిచాను."

ఆయన వసారా మీదకు వెళ్ళిపోయారు. నేను కారు దగ్గరకు వెళ్ళాను. కొనేవాడికి చూపించేముందు చక్రాలు ఒకసారి విప్పి శుభ్రం చేయడం అలవాటు. దుంగలు పెట్టి ఎడమ వెనక చక్రం ఊడదీశాను. డ్రమ్ము తీసీ తీయగానే ఆయిలు వాసన కొట్టింది. షూలు నూనెలో నానిన జంతికల్లా ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు కూడా వాటినే నొక్కాలి. ఇంక అది పట్టేదెక్కడ? సిలిండరు విప్పి వేలు పెట్టాను. ఎనిమిది నెలల కిందట అద్దంలా ఉన్న గోడల నిండా తుప్పు గుంటలు. వాటి మీద రాసుకుని, ఆయిలును ఆపే రబ్బరు కప్పు చిరిగింది. ఆ కార్లలో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిలు దారి. ఒకచోట కారితే నాలుగూ పోయినట్టే. ఇనుమును బయటి బురద తినలేదు. లోపల నేను పోసినదే తిన్నది.

చుట్టూ ఎవరూ లేరు. నేను చేసిన పని ఉన్నదున్నట్టు రాస్తున్నాను. గుడ్డ తీసి ఆ చక్రం శుభ్రంగా తుడిచేశాను. సిలిండరు సంచిలో వేసుకున్నాను. మైలవరం వాడికి కొత్తవి వేసి ఇద్దాం, ఎవరికీ నష్టం లేదు కదా అని మళ్ళీ నాతో నేను బేరం మొదలుపెట్టాను.

రెండో చక్రం దగ్గరకు నడుస్తుంటే వసారా కనిపించింది. మాస్టారు మెట్టు మీద కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కుడికాలు ఒక ఇటుక మీద పెట్టి ఉన్నారు. మార్తమ్మ గారు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు.

"ఇప్పుడు నొక్కానా?"

"నొక్కారు."

"ఇప్పుడు?"

"నొక్కారండీ. ఇటుక కదిలింది కూడా. ఇంక చాల్లెండి, పొద్దుటినుంచీ ఇదే."

"నువ్వు నా మనసుకోసం చెబుతున్నావు."

నేను కుడిచక్రం విప్పాను. దాన్ని తుడవలేదు. డ్రమ్మూ, కారుతున్న సిలిండరూ ఉన్నవున్నట్టు పట్టుకెళ్ళి ఇటుక పక్కన పెట్టాను.

"కాలు కాదు మాస్టారూ. మీరు నొక్కారు. పెడలు కింద ఏమీ లేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని సిలిండరులో వేలు తిప్పారు. వేలికి ఎర్రగా అంటింది. డబ్బా సంగతి మొత్తం చెప్పాను. ఎడమ చక్రం తుడిచేసిన సంగతి కూడా చెప్పాను. ఆయన తిడతారని చూశాను. హెడ్మాస్టర్లకు అలవాటే కదా.

"తెలిసే పోశావా?"

"తెలిసే పోశానండి."

ఆయన ఇటుకను కాలితో మెల్లగా పక్కకు జరిపారు. మాట్లాడింది మార్తమ్మ గారు.

"కొత్త డబ్బా ఎంత బాబూ?"

"తొమ్మిది రూపాయలమ్మా."

"అడక్కపోయావా, ఇచ్చేదాన్ని" అన్నారు. అని, క్యాలెండరు వైపు చూసి, "ఇచ్చాను కదూ. బిల్లులో ఉంది" అన్నారు.

 

చివరి బిల్లు

కారు అమ్మలేదు. అమ్మడానికి వీల్లేదని తేల్చింది మార్తమ్మ గారే. ఆవిడ మణికట్టు అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. అడ్డం తిరిగిన బిడ్డను చేత్తో సర్దే పని ఇంక తనవల్ల కాదనీ, ఇదివరకు తాను చూసుకున్న కేసులు కూడా ఇకమీద బెజవాడకే పంపాలనీ, అందుకు కారు ఇంకా ఎక్కువ కావాలనీ అన్నారు. "కాబట్టి బాగుచెయ్యి బాబూ. బాగా చెయ్యి" అన్నారు. ఇంకో మెకానిక్కును పిలవవచ్చు. పిలవలేదు. ఎందుకో నేను అడగలేదు.

రంగారావు గారు చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చాను. ఒంట్లో బాగానే ఉందా అని ఆయన అడిగారు. ఆయిలు డబ్బాల సీలు మాస్టారి కళ్ళముందు తీశాను. పాత ఆయిలంతా గొట్టాల్లోంచి పోయేదాకా కొత్తది పంపి, నాలుగు చక్రాలకూ గాలి తీశాను. పెడలు మాస్టారే నొక్కారు. "నొక్కి పట్టండి" అంటే పట్టారు, "వదలండి" అంటే వదిలారు. ఒక్కసారీ కాలు తప్పలేదు. మిగిలిన ఆయిలు బోల్టుల మీద పోశాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయనే నడిపారు.

మెకానిక్కు కాబోయే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. తప్పు మీ చేతిదే అయినా, కారు గుద్దుకుంటే ముందు నడిపినవాడు తననే తిట్టుకుంటాడు. మీరు నోరు విప్పకపోతే చచ్చేదాకా తిట్టుకుంటాడు. బేరం మానమని చెప్పను, నేనే మానలేదు. కొసరు మాత్రం ఇంక అడగలేదు.

బిల్లు నేను రాసి ఇస్తే, మాస్టారు ఎర్ర సిరాతో దిద్దారు. సామాను ఖర్చు నాదేనని ఒప్పుకున్నారు. కూలి దగ్గర నేను సున్నా పెడితే కొట్టేసి, "పని పనే" అని ముప్పై రాశారు. దాని కింద మరో గీత గీసి, "గత బిల్లులో తప్పు" అని తొమ్మిది తీసేశారు. ఆ కాగితం నా దగ్గర ఉంది. ఎత్తి రాస్తున్నాను.

వీల్ సిలిండర్లు రెండు: నలభై ఆరు.
బ్రేకు షూలు: ముప్పై ఎనిమిది.
పెడలు కింది మాస్టర్ సిలిండరు రబ్బర్లు: పద్నాలుగు.
ముందు చక్రాల రబ్బరు కప్పులు: పన్నెండు.
బ్రేకు ఆయిలు, సీలు డబ్బాలు రెండు: పద్దెనిమిది.
ముందు దీపం, వంగిన మడ్‌గార్డు సాపు చేయించడం: యాభై రెండు.
సామాను మొత్తం నూట ఎనభై, నాది.
కూలి ముప్పై, అందులో పోను తొమ్మిది. నాకు ముట్టినది ఇరవై ఒకటి.
నా చేతి నుంచి పోయినది నూట యాభై తొమ్మిది.

మైలవరం కమీషను వంద నష్టం కింద రాయను. అది నాది కాదు.

ఎక్స్‌రే, పిండికట్టు, ఎముకల డాక్టరు ఫీజు వాళ్ళే పెట్టుకున్నారు. ఎంతయిందో నేను అడగలేదు.